అడవిలో కలప ఎంత? నమూనా లెక్కకు తొమ్మిది మెట్లు

చెట్లు నరక్కుండా, అన్నిటినీ కొలవకుండా, అడవిలో నిలిచి ఉన్న కలప ఎంతో చెప్పడమే కలప నిల్వ అంచనా. వర్కింగ్ ప్లాన్ రాసే అటవీ అధికారికి, తమ అడవి విలువ తెలుసుకోవాలనుకునే వన సంరక్షణ సమితికి, ఫారెస్ట్రీ చదివే విద్యార్థికి ఈ లెక్క తప్పదు. దేశంలో అడవుల్లోనూ వాటి వెలుపలా కలిపి 643 కోట్ల ఘనపు మీటర్ల కలప ఉందని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2023 నివేదిక చెబుతోంది. ఇన్ని చెట్లనూ ఎవరు కొలిచారు? ఎవరూ కొలవలేదు. దేశమంతటా ఒక పద్ధతి ప్రకారం ఎంపిక చేసిన చోట్ల చిన్న ప్లాట్లు వేసి, వాటిలోని చెట్లను మాత్రమే కొలిచి కట్టిన లెక్క అది.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. కానీ ఉష్ణమండల అడవి కుండలో అన్నంలా అంతటా ఒకేలా ఉండదు. నల్లమలలో వాగు పక్కన నల్లమద్ది లావుగా, ఏపుగా పెరుగుతుంది. అక్కడి నుంచి గట్టెక్కితే రాతి నేలలో గిడసబారిన తిరుమాను కనిపిస్తుంది. శేషాచలంలో ఒక వాలు నిండా ఎర్రచందనం ఉంటే పక్క వాలులో ఒక్క మాను కూడా ఉండకపోవచ్చు. పదుల జాతులు, రకరకాల వయసులు, తొర్రలు, ఏటవాలు నేల అన్నీ కలిసి లెక్కను కష్టం చేస్తాయి. కష్టమే గాని అసాధ్యం కాదు. ఒక టేపు, ఒక కంపాస్, ఒక జీపీఎస్, ఒక కాలిక్యులేటర్, వీటికి తోడు పెట్టుకున్న నియమాన్ని తప్పని పట్టుదల ఉంటే చాలు. కింది తొమ్మిది మెట్లు ఆ నియమాన్ని వరుసగా వివరిస్తాయి.

1. ముందు ప్రశ్నను తేల్చుకోవాలి

"అడవిలో కలప ఎంత?" అన్న ప్రశ్న వినడానికి సూటిగానే ఉంటుంది. నిజానికి అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. ఏ హద్దుల మధ్య? ఏ జాతులు? ఎంత లావు నుంచి? ఎంత తేడా ఉన్నా ఫర్వాలేదు?

కనీస లావు విషయమే చూద్దాం. ఒక బృందం 10 సెంటీమీటర్ల వ్యాసం నుంచి కొలిచి, మరో బృందం 20 నుంచి కొలిస్తే, ఒకే అడవికి రెండు లెక్కలు వస్తాయి. రెండూ సరైనవే, కాని పోల్చడానికి పనికిరావు. ఈ నాలుగు జవాబులనూ అడవిలోకి వెళ్ళకముందే కాగితం మీద రాసి, బృందంలో అందరికీ చదివి వినిపించాలి.

2. అడవిని తరగతులుగా విడదీయాలి

ఒకే పోలిక ఉన్న భాగాలను ఒక తరగతి కింద చేర్చితే శ్రమ సగానికి సగం తగ్గుతుంది. ఉపగ్రహ చిత్రం, టోపోషీట్, బీట్ ఆఫీసర్ అనుభవం ఈ మూడూ కలిస్తే తరగతులు తేలికగా తేలుతాయి. సెంటినెల్-2 ఉపగ్రహం ఇచ్చే 10 మీటర్ల స్పష్టత ఉన్న చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి.

లెక్క కోసం 1200 హెక్టార్ల టేకు మిశ్రమ అడవి ఒకటి ఉందనుకుందాం. అందులో దట్టమైన భాగం 400 హెక్టార్లు, మధ్యస్థం 600, క్షీణించినది 200. హెక్టారుకు కలప దట్టమైన చోట 90, మధ్యస్థంలో 35, క్షీణించిన చోట 3 ఘనపు మీటర్లు అనుకుందాం. ఈ మూడింటినీ కలగలిపి ఒకే అడవిగా చూస్తే ప్లాటుకూ ప్లాటుకూ మధ్య తేడా విపరీతంగా ఉంటుంది. విడదీసి చూస్తే, తరగతి లోపల తేడా చాలావరకు అణిగిపోతుంది. దీనివల్ల ఎంత మేలు జరుగుతుందో తొమ్మిదో మెట్టులో అంకెల్లో కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త ఉంది. తరగతుల హద్దులు ప్లాట్లు కొలవకముందే గీయాలి. కొలిచాక, కలప ఎక్కువ వచ్చిన ప్లాట్లన్నిటినీ ఒక తరగతిలోకి చేరిస్తే అది అంచనా అనిపించుకోదు.

3. ఎన్ని ప్లాట్లు కావాలో లెక్కగట్టాలి

అడవిలో పదో వంతు కొలిస్తేనే లెక్క నమ్మదగినదన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. అది నిజమేనా? పెద్ద అడవిలో నమ్మకాన్ని నిర్ణయించేది ముఖ్యంగా ప్లాట్ల సంఖ్య, ప్లాట్ల మధ్య తేడా. అడవిలో ఎంత శాతం కొలిచామన్నదాని ప్రభావం స్వల్పం.

ముందుగా ఎనిమిదో పదో ప్లాట్లు ప్రయోగంగా కొలిచి, వాటి సగటునూ ప్రామాణిక విచలనాన్నీ కట్టాలి. విచలనం సగటులో ఎంత శాతమో చూడాలి. ఆ శాతాన్ని రెండుతో గుణించి, ఒప్పుకోదగిన పొరపాటు శాతంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే కావలసిన ప్లాట్ల సంఖ్య వస్తుంది. 100కు సుమారు 95 సార్లు నిజమైన విలువ చెప్పిన హద్దుల్లోనే ఉండేలా చూసే సూత్రమిది.

విచలనం 75 శాతం, ఒప్పుకునే పొరపాటు 30 శాతం అయితే 25 ప్లాట్లు చాలు. పొరపాటును 15 శాతానికి తగ్గించాలంటే 100 ప్లాట్లు కావాలి. అంటే పొరపాటు సగం కావాలంటే పని నాలుగింతలు అవుతుంది. బడ్జెట్ అడిగేటప్పుడు ఈ ఒక్క వాక్యం పై అధికారికి వివరించగలిగితే సగం వాదన తీరిపోతుంది.

4. ప్లాటు ఆకారాన్ని, కొలతను ఎంచుకోవాలి

భారతదేశంలో ఎక్కువగా వాడేది 0.1 హెక్టారు చతురస్రం. భుజం 31.62 మీటర్లు, కేంద్రం నుంచి ప్రతి మూలకూ 22.36 మీటర్లు. కేంద్రంలో కర్ర పాతి, కంపాస్‌తో ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం దిక్కులకు 22.36 మీటర్లు కొలిస్తే నాలుగు మూలలూ తేలతాయి. అంతే వైశాల్యమున్న వృత్తాకార ప్లాటుకు వ్యాసార్థం 17.84 మీటర్లు. పొదలు తక్కువున్న చోట వృత్తం సుఖం. ముళ్ళ డొంకల్లో చతురస్రం హద్దులే స్పష్టంగా తెలుస్తాయి.

సన్న చెట్లు వందల్లో ఉండి, పెద్ద మానులు అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటే అన్నిటినీ ఒకే ప్లాటులో కొలవడం దండగ. ప్లాటు లోపల చిన్న ప్లాటు వేసి, సన్నవాటిని అందులోనే కొలిచి, పెద్దవాటిని మొత్తం ప్లాటులో కొలవాలి.

5. ప్లాట్ల చోట్లు కాగితం మీదే ఖాయం కావాలి

మొత్తం పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. చోటును కన్ను ఎంచుకుంటే ఎంత జాగ్రత్తగా కొలిచినా ఫలితం చెడుతుంది. పద్ధతులు ముఖ్యంగా మూడు.

యాదృచ్ఛిక పద్ధతి: పటం మీద లాటరీ తీసినట్టు చోట్లు తీయడం. సిద్ధాంతపరంగా స్వచ్ఛమైనదే, కాని ఒక ప్లాటు నుంచి ఇంకో ప్లాటుకు నడకే సరిపోతుంది. పైగా కొన్ని భాగాలు ఒక్క ప్లాటు కూడా పడకుండా మిగిలిపోవచ్చు.

గ్రిడ్ పద్ధతి: మొదటి బిందువును మాత్రం లాటరీతో తీసి, అక్కడి నుంచి సమాన దూరాల్లో మిగతావి పెట్టడం. 1200 హెక్టార్లకు 25 ప్లాట్లంటే ఒక్కో ప్లాటుకు 48 హెక్టార్లు, అంటే సుమారు 690 మీటర్ల ఎడం. అడవి అంతటా సమానంగా పరుచుకుంటుంది, వెతుక్కోవడమూ సులభం. ఎక్కువమందికి ఇదే సరిపోతుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఇప్పుడు దేశమంతటికీ వాడుతున్నదీ గ్రిడ్‌నే, 5 కిలోమీటర్ల ఎడంతో.

స్ట్రిప్ పద్ధతి: 20 మీటర్ల వెడల్పున్న పట్టీల వెంట నడుస్తూ కొలవడం. పట్టీల మధ్యగీతలకు 400 మీటర్ల ఎడముంటే అడవిలో 5 శాతం కొలిచినట్టు. 1856లో బర్మాలోని పెగూ టేకు అడవుల బాధ్యత తీసుకున్న డీట్రిచ్ బ్రాండిస్ ఈ పట్టీల లెక్కకు ఆద్యుడు. ఏనుగు మీద వెళ్తూ, దారికి ఇరువైపులా కనిపించిన టేకును లావు ప్రకారం తరగతులు చేసి, వెదురు ముక్కల మీద కత్తితో గాట్లు పెట్టి లెక్కించేవాడు. 1864లో ఆయనే భారత అటవీశాఖకు తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు.

పట్టీ అయినా గ్రిడ్ అయినా నేల తీరును చూసుకోవాలి. వాగు నుంచి గట్టుదాకా అడవి మారుతూ ఉంటుంది కాబట్టి పట్టీలు వాగుకు అడ్డంగా, గట్టు ఎక్కేలా సాగాలి. వాగు వెంటే సాగిన పట్టీ లావు చెట్లనే చూపిస్తుంది. టేకు తోటల్లో వరుసల ఎడంతో గ్రిడ్ ఎడం కలిసిపోయినా ఇదే ప్రమాదం.

ఎర్రచందనంలా గుంపులు గుంపులుగా పెరిగే జాతులకు సాధారణ గ్రిడ్‌లో చాలా ప్లాట్లు ఖాళీగా వస్తాయి. ఒక ప్లాటులో చెట్టు దొరికితే దాని చుట్టుపక్కల ప్లాట్లు కూడా కొలిచే పద్ధతిని 1990లో స్టీవెన్ థాంప్సన్ ప్రతిపాదించారు. దానికి సగటు కట్టే సూత్రం వేరు. మామూలు సగటు తీస్తే లెక్క ఉబ్బిపోతుంది.

6. ప్లాటును నిజాయితీగా వేయాలి

జీపీఎస్ చూపిన బిందువు దగ్గరకు బృందం చేరింది. ముందంతా ముళ్ళ కంప, బండరాళ్ళు. దారి చూపడానికి వచ్చిన వాచర్ అంటాడు: "అక్కడేముంది సార్, రాళ్ళూ రప్పలూ తప్ప! ఓ యాభై అడుగులు ఇటు జరిగితే మంచి చెట్లున్నాయి." అతడు మంచి మనసుతోనే అన్నాడు. అయినా జరగకూడదు. రాళ్ళూ రప్పలూ కూడా ఆ అడవిలో భాగమే. చెట్లే లేని ప్లాటుకు సున్నా అని రాయడం కూడా ఒక కొలతే. ఇలా జరిపిన ప్రతి ప్లాటూ మొత్తం లెక్కను పైకి తోస్తుంది. ఎవరూ దొంగలెక్క రాయకుండానే అడవి కాగితం మీద లావెక్కుతుంది.

వాలు: పటంలో వైశాల్యం సమతలానిది. 30 డిగ్రీల వాలులో 22.36 మీటర్ల సమతల దూరం రావాలంటే నేల మీద 25.82 మీటర్లు కొలవాలి. ఈ సవరణ చేయకపోతే ప్లాటు 13 శాతం చిన్నదవుతుంది, కలప కూడా దాదాపు అంతే తక్కువగా లెక్కకొస్తుంది.

అంచు చెట్టు: మొదలు మధ్యభాగం హద్దు లోపల ఉంటే లెక్కించాలి, బయట ఉంటే వదిలేయాలి. సరిగ్గా గీత మీద ఉన్నవాటిలో ఒకటి తీసుకుని మరొకటి వదలాలి.

అడవి హద్దు: ప్లాటు కేంద్రం అడవిలో ఉండి, కొంత భాగం పొలంలోకి పోతే ఏం చేయాలి? చాలామంది ప్లాటును లోపలికి జరుపుతారు. దాంతో అడవి అంచు ఎప్పటికీ లెక్కలోకి రాదు. కేంద్రం నుంచి హద్దుకు ఎంత దూరముందో కొలిచి, హద్దు దాటి అంతే దూరంలో రెండో కేంద్రం ఊహించాలి. అక్కడి నుంచి అదే కొలతతో ప్లాటు వేస్తే, అందులోకి వచ్చే అడవి చెట్లను రెండోసారి లెక్కించాలి. అంచుకు న్యాయం జరిగేది అప్పుడే.

7. చెట్టును ఒకే రకంగా కొలవాలి

భారతదేశంలో ఛాతీ ఎత్తు అంటే నేల నుంచి 1.37 మీటర్లు, అంటే నాలుగున్నర అడుగులు. చాలా దేశాల్లో 1.3 మీటర్లు. ఏది వాడినా చివరిదాకా అదే వాడాలి. ఒక్కో బృందానికి 1.37 మీటర్ల కర్ర ఒకటి కోసి ఇస్తే అంచనాగా కొలిచే అలవాటు పోతుంది.

వాలులో ఉన్న చెట్టును పైవాలు వైపు నుంచి కొలవాలి. ఒరిగిన చెట్టుకు ఒరిగిన దిశలోనే ఎత్తు కొలిచి, టేపును మానుకు లంబంగా చుట్టాలి. ఛాతీ ఎత్తుకు కింద చీలితే రెండు చెట్లు, పైన చీలితే ఒకటే చెట్టు. ఆ ఎత్తులో బుడిపె ఉంటే దానికి పైనా కిందా సమాన దూరంలో కొలిచి సగటు తీయాలి. మొదట్లో రెక్కల్లాంటి వేళ్ళున్న మానును ఆ రెక్కలు ముగిసిన చోటుకు పైన కొలవాలి. తీగలుంటే టేపును వాటి కింది నుంచి పోనివ్వాలి.

చుట్టుకొలతకూ వ్యాసానికీ తికమక పడటమే ఈ మెట్టులో ఖరీదైన తప్పు. 157 సెంటీమీటర్ల చుట్టుకొలతంటే వ్యాసం 50 సెంటీమీటర్లు. పొరపాటున 157ను వ్యాసం గడిలో రాస్తే ఆ చెట్టు మాను కోత వైశాల్యం (ఛాతీ ఎత్తు దగ్గర మాను అడ్డుకోత) దాదాపు పదింతలవుతుంది. ఒక్క చెట్టు వల్ల ప్లాటంతా చెడుతుంది. అందుకే ఫారంలో ఒకే గడి ఉంచి, దాని మీద "చుట్టుకొలత, సెం.మీ." అని అచ్చు వేయించాలి.

చెట్ల పేర్లకు స్థానికుల సాయం తీసుకోవాలి. నల్లమలలో చెంచులు ఆకు రాలిన కాలంలో కూడా బెరడు చూసి జాతి చెప్పగలరు. వారు చెప్పిన పేరు అలాగే రాసుకుని, శాస్త్రీయ నామం తర్వాత సరిచూసుకోవచ్చు.

8. కొలతలను ఘనపరిమాణంగా మార్చాలి

లావు, ఎత్తు తెలిస్తే కలప ఎంతో చెప్పే సమీకరణాలు జాతులవారీగా ఉన్నాయి. భారత, నేపాల్, భూటాన్ అడవుల చెట్లకు ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1996లో ఇలాంటి సంపుటం ప్రచురించింది. దట్టమైన అడవిలో చెట్ల తలలు కనిపించవు కాబట్టి ఎత్తు కొలత తరచూ తప్పుతుంది. అలాంటి చోట లావు ఒక్కటే అడిగే స్థానిక సమీకరణం మేలు. ఏ సమీకరణమైనా ఏ ప్రాంతపు చెట్ల మీద తయారైందో చూడాలి. తడి అడవి టేకు లెక్క పొడి అడవి టేకుకు అతకదు.

కలప డిపోల్లో వాడుకలో ఉన్న పావు చుట్టుకొలత సూత్రం (చుట్టుకొలతలో పావు వంతును వర్గం చేసి పొడవుతో గుణించడం) ఇంకో ఉచ్చు. 1.6 మీటర్ల చుట్టుకొలత, 10 మీటర్ల పొడవున్న దుంగకు ఆ సూత్రం 1.6 ఘనపు మీటర్లు చూపిస్తుంది. అసలు పరిమాణం 2.04. అమ్మకానికి ఆ సూత్రం వాడొచ్చు, అడవి నిల్వతో మాత్రం కలపకూడదు.

తొర్ర చెట్లను వేరే గడిలో రాయాలి. ఎర్రచందనంలో విలువంతా చేవదే. బయటి లావు చూసి చేవ ఎంతో చెప్పలేం. ఆ సంగతి నివేదికలో స్పష్టంగా ఉండాలి.

9. సగటుతో పాటు పొరపాటు హద్దునూ కట్టాలి

రెండో మెట్టులోని అడవికే వద్దాం. 90, 35, 3 కలిపి మూడుతో భాగిస్తే 42.7 వస్తుంది. అది తప్పు, ఎందుకంటే మూడు తరగతుల వైశాల్యం సమానం కాదు. ఒక్కోదాన్ని దాని హెక్టార్లతో గుణించి, మొత్తాన్ని 1200తో భాగిస్తే హెక్టారుకు 48 ఘనపు మీటర్లు, అడవి మొత్తానికి 57,600. మొదటి పద్ధతిలో 6,400 ఘనపు మీటర్ల కలప కాగితం మీద మాయమైపోయేది.

ఇక పొరపాటు హద్దు. అడవినంతా ఒకటిగా చూస్తే హెక్టారుకు విచలనం 36 అనుకుందాం. 25 ప్లాట్ల వర్గమూలం 5 కాబట్టి ప్రామాణిక దోషం 7.2, దానికి రెట్టింపు 14.4. అంటే 48కి అటూ ఇటూ 30 శాతం. తరగతులు చేసి, వాటిలో విచలనం 24, 13.5, 4గా తేలి, వైశాల్యాన్ని బట్టి 8, 13, 4 ప్లాట్లు వేస్తే అదే హద్దు 6.8కి, అంటే 14 శాతానికి దిగుతుంది. తరగతులు లేకుండా ఈ ఫలితం రావాలంటే సుమారు 112 ప్లాట్లు కావాలి. తేడా ఎక్కువున్న తరగతికి ఎక్కువ ప్లాట్లిచ్చి 13, 10, 2గా పంచితే హద్దు 6.2కి తగ్గుతుంది. ఇలా పంచే సూత్రాన్ని 1934లో జెర్జీ నేమాన్ వివరించారు. ఒక్క అడుగు కూడా అదనంగా నడవకుండా, పటం ముందు కూర్చుని సంపాదించిన లాభమిది.

సమయం బాగా తక్కువైతే

1948లో ఆస్ట్రియా అటవీ నిపుణుడు వాల్టర్ బిట్టర్‌లిక్ ప్లాటే అక్కరలేని పద్ధతి కనిపెట్టారు. ఒక చోట నిలబడి, చిన్న పరికరంలోంచి చుట్టూ చూస్తూ, నిర్ణీత కోణం కన్నా లావుగా కనిపించిన మానులను లెక్కించడమే. కారకం 1 అయిన (అంటే ఒక్కో చెట్టును హెక్టారుకు 1 చదరపు మీటరుగా లెక్కించే) పరికరంతో 14 చెట్లు లెక్కకు వస్తే, అక్కడ హెక్టారుకు 14 చదరపు మీటర్ల మాను కోత వైశాల్యం ఉన్నట్టు. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న చెట్టు 15 మీటర్ల దూరం వరకు లెక్కకు వస్తుంది. అనుమానం వచ్చిన చెట్టుకు టేపు పట్టి చూడాలి. వెదురు, పొదలు దట్టంగా ఉంటే వెనుక చెట్లు దాగిపోతాయి కాబట్టి అక్కడ ఇది పనికిరాదు.

ఉపగ్రహాలూ, లేజర్ కొలతలూ ప్లాట్ల సంఖ్య తగ్గించగలవు గాని ప్లాట్ల అవసరాన్ని తీసేయలేవు. ఆకాశం నుంచి కనిపించే పచ్చదనాన్నీ ఎత్తునూ కలపగా మార్చాలంటే నేల మీద కొలిచిన చెట్లే ఆధారం.

నివేదిక పంపేముందు సరిచూసుకోవలసినవి

- పదింట ఒక ప్లాటును వేరే బృందం, మొదటి కొలతలు చూడకుండా, మళ్ళీ కొలిచిందా?
- సున్నా వచ్చిన ప్లాట్లు లెక్కలోనే ఉన్నాయా, లేక ఎవరైనా తీసేశారా?
- చేరలేకపోయిన ప్లాట్ల జాబితా, కారణాలు రాశారా?
- కనీస లావు, ఛాతీ ఎత్తు, వాడిన సమీకరణం, కొలిచిన నెల పేర్కొన్నారా?
- ప్రతి ప్లాటు కేంద్రం జీపీఎస్ విలువ భద్రపరిచారా?

మొదటి సర్వేలో ఇవన్నీ కుదరకపోవచ్చు. పది ప్లాట్లయినా నియమం ప్రకారం వేసిన బృందం, కంటికి నచ్చిన చోట వంద ప్లాట్లు వేసిన బృందం కన్నా ముందున్నట్టే. ప్లాట్లు తక్కువైతే హద్దు వెడల్పవుతుంది, అంతకు మించి నష్టం లేదు. వచ్చే ఏడాది మరికొన్ని కలుపుకుంటే ఆ హద్దు ఇరుకవుతుంది. కన్ను ఎంచుకున్న చోట్లలో ఉన్న తప్పు ఎంతో మాత్రం ఎన్ని ప్లాట్లు కలిపినా తెలియదు. కాబట్టి "57,600 ఘనపు మీటర్లు" అని మాత్రమే రాసి సంతకం పెట్టకూడదు. "57,600, అటూ ఇటూ 8,200" అని రాయాలి. నరకడానికో కాపాడటానికో నిర్ణయం తీసుకునేవారికి ఆ రెండో అంకె కూడా మొదటిదంత అవసరం.